మీ పేటలో యూదులనూ ముస్లింలనూ ఒకచోట కూర్చోబెట్టడం ఎలా?

“మా అపార్ట్‌మెంట్‌కి ఒకవైపు సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం), ఇంకోవైపు మసీదు. రెండు చోట్లా మాకు స్నేహితులున్నారు. వాళ్లలో వాళ్లకి మాత్రం పలకరింపులు కూడా లేవు. మేమేమైనా చేయొచ్చా?” అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లు ఈ మధ్య పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది. చేయొచ్చు. దానికి సంస్థ, నిధులు, వేదిక ఏవీ అక్కర్లేదు. పన్నెండు మంది మనుషులు, ఆరు నెలల ఓపిక ఉంటే చాలు. ఇవాళ చాలామందికి తెలిసిన ‘సిస్టర్‌హుడ్ ఆఫ్ సలామ్ షాలోమ్’ 2010లో న్యూజెర్సీలో మొదలైనప్పుడు ఉన్నది ఆరుగురు యూదు మహిళలు, ఆరుగురు ముస్లిం మహిళలే.

షికాగోలో డెవాన్ అవెన్యూ చూసినవాళ్లకి పరిస్థితి బాగా అర్థమవుతుంది. హైదరాబాదీ బిర్యానీ దొరికే చోటు నుంచి అదే రోడ్డు మీద పడమరకి నడిస్తే యూదుల పేట వస్తుంది. ఆ ఒక్క రోడ్డుకే గాంధీ మార్గ్, మహమ్మద్ అలీ జిన్నా వే, గోల్డా మెయిర్ (ఇజ్రాయెల్ మాజీ ప్రధాని) బులెవార్డ్ అని గౌరవ నామాలున్నాయి. బోర్డులు ఇరుగుపొరుగయినంత మాత్రాన మనుషులు ఇరుగుపొరుగు కారు. కింద రాసిందంతా అలాంటి పేటను దృష్టిలో పెట్టుకునే.

ఏమేం కావాలి?

- ఆరుగురు యూదులు, ఆరుగురు ముస్లింలు. సంఖ్య సమానంగా ఉండాల్సిందే. ఎనిమిదీ నాలుగూ అయిందంటే ఆ నలుగురూ సమాధానాలు చెప్పుకునే స్థితిలో పడతారు.
- ఇద్దరు నిర్వాహకులు, ఒక్కో వైపు నుంచి ఒకరు.
- గడియారం చూసే మనిషి ఒకరు. ఆ పని మీరు తీసుకోండి.
- మొదటి రెండుసార్లకి ఎవరిదీ కాని చోటు. పబ్లిక్ లైబ్రరీలో మీటింగ్ గది సరిపోతుంది. ముందే బుక్ చేసుకోండి, మూసే వేళ కనుక్కోండి.
- గుండ్రంగా వేయడానికి కుర్చీలు. మధ్యలో బల్ల వద్దు.
- యూదుల క్యాలెండర్, ఇస్లామిక్ క్యాలెండర్, ఆ ఊరి సూర్యాస్తమయ వేళల పట్టిక.
- మూడు నాలుగు వారాలకొకటి చొప్పున ఆరు సమావేశాలు, ఒక్కోటి రెండు గంటలు.

1. ముందు మీరెవరో తేల్చుకోండి

మీరు తెలుగు ముస్లిం అయితే ఒంటరిగా మొదలుపెట్టకండి. యూదు జోడీ దొరికేదాకా తేదీ కూడా అనుకోవద్దు. ఒకరు తయారుచేసిన కార్యక్రమానికి రెండోవాళ్లు అతిథులుగా వస్తే చివరిదాకా అతిథులుగానే ఉండిపోతారు.

మీరు హిందువో క్రైస్తవులో అయితే మీ పని గది చూడటం, కుర్చీలు వేయడం, టైము చూడటం. పెద్దరికం వద్దు. ఇంకో సంగతి మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. మన దేశంలోని హిందూ–ముస్లిం రాజకీయాలు మీ వెనకే ఆ గదిలోకి వస్తాయి. మీ ఫేస్‌బుక్ పేజీలో ముస్లింల మీద వెటకారం పోస్టులుంటే పిలవబోయేవాళ్లు అవి చూసే వస్తారు, లేదా చూసి రావడం మానేస్తారు. అలాంటివి ఉన్నవాళ్లు ఈ పని వేరేవాళ్లకి అప్పగించడం మంచిది.

2. మనుషుల్ని పిలవండి

మసీదు ఈమెయిల్‌కి, సినగాగ్ ఈమెయిల్‌కి ఒకే ఉత్తరం పంపి ఎదురుచూడటం దాదాపు అందరూ చేసే పొరపాటు. జవాబు రాదు. మీకు తెలిసిన ఒక్కరిని టీకి పిలిచి, ముఖాముఖి అడగండి. వాళ్లు ఇంకో ఇద్దర్ని తెస్తారు. ఇమామ్‌కీ రబ్బీకీ (యూదుల మతగురువు) విషయం చెప్పి వాళ్ల ఆశీస్సులు తీసుకోండి కానీ సభ్యులుగా పిలవొద్దు. వాళ్లు గదిలో ఉంటే మిగతావాళ్లు నోరు విప్పరు. ప్రతి ప్రశ్నా వాళ్ల వైపే తిరుగుతుంది.

పిలిచేటప్పుడే మూడు మాటలు స్పష్టంగా చెప్పండి: మత ప్రచారం ఉండదు, విలేఖరులు ఉండరు, చివర్లో తీర్మానాలు ఉండవు.

మీకు తెలిసినవాళ్లని కదా అని ఆరుగురు ముస్లింలనీ హైదరాబాద్ నుంచే తీసుకోకండి. అరబ్బులు, పాకిస్తానీలు, బోస్నియావాళ్లు, నల్లజాతి అమెరికన్ ముస్లింలు, వీళ్లలో కనీసం ఇద్దరైనా ఉండాలి. యూదుల్లోనూ ఆర్థడాక్స్ (ఆచారం గట్టిగా పాటించేవాళ్లు), కన్జర్వేటివ్, రిఫార్మ్ అని శాఖలున్నాయి. యూదులంటే తెల్లవాళ్లేనని అనుకునే తెలుగువాళ్లు చాలామంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదు సమాజం ఉంది, వాళ్లకి సొంత సినగాగూ ఉంది. కోల్‌కతాలో 1884 నాటి మాగెన్ డేవిడ్ సినగాగ్ బాగోగులు చూసేది ముస్లింలు. అక్కడి జ్యూయిష్ గర్ల్స్ స్కూల్లో చదువుకునే పిల్లల్లో ఎక్కువమంది ముస్లింలే. ఇలాంటివి మొదటి రోజు మాటల్లో అలవోకగా చెప్పండి. ఉపన్యాసంగా మార్చకండి.

3. తేదీ పెట్టండి (తొందరపడకండి)

సగం ప్రయత్నాలు ఇక్కడే దెబ్బతింటాయి. యూదుల విశ్రాంతి దినం శుక్రవారం సూర్యాస్తమయానికి మొదలై శనివారం చీకటి పడేదాకా ఉంటుంది. ఆచారం పాటించేవాళ్లు ఆ సమయంలో కారు నడపరు, ఫోను ముట్టరు, రాయరు. శుక్రవారం మధ్యాహ్నం ముస్లింలకి జుమా నమాజు. అంచేత ఆదివారమే మేలు. శనివారం రాత్రి డిసెంబర్‌లో కుదరొచ్చు. జూన్‌లో మాత్రం చీకటి పడేసరికే తొమ్మిది దాటుతుంది.

ఆదివారం అనుకున్నాక సూర్యాస్తమయం చూడండి. షికాగోలో డిసెంబర్‌లో సాయంత్రం 4:20కే పొద్దుగూకుతుంది. మీరు మూడున్నరకి సమావేశం పెడితే సరిగ్గా మధ్యలో మగ్రిబ్ నమాజు వేళ అవుతుంది. యూదుల మధ్యాహ్న ప్రార్థన ‘మిన్హా’ కూడా అస్తమయం లోపే ముగియాలి. ఒకే పావుగంట విరామం ఇద్దరికీ పనికొస్తుంది. పక్కన ఒక చిన్న గది, శుభ్రమైన నేల, వుజూ (నమాజుకి ముందు కాళ్లూ చేతులూ ముఖం కడుక్కోవడం) చేసుకోవడానికి నీళ్లు ఉంటే చాలు. ఆ విరామాన్ని ముందే కాగితం మీద రాయండి. ‘అవసరమైతే ఆపుదాం’ అంటే ఎవరూ అడగరు, మొహమాటపడి నమాజు వదిలేసుకుంటారు.

ఇక పండుగలు. ఇద్దరివీ చంద్రుణ్ని పట్టి నడిచే నెలలే. యూదులు 19 ఏళ్లలో ఏడుసార్లు మన అధికమాసంలా ఒక నెల కలుపుకుంటారు కాబట్టి వాళ్ల పండుగలు ఒకే రుతువులో ఉంటాయి. ఇస్లామిక్ క్యాలెండర్‌లో అధికమాసం లేదు. అందుకే రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందే వస్తుంది (2030లో జనవరిలో ఒకసారి, డిసెంబర్‌లో ఒకసారి, రెండుసార్లు మొదలవుతుంది). నిరుటి తేదీలు చూసి ఈ ఏడు ప్లాన్ వేయొద్దు. ఇంకో మెలిక: ఇద్దరికీ రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. క్యాలెండర్‌లో పండుగ 12 అని ఉంటే ఇంట్లో పండుగ 11 సాయంత్రమే మొదలయిపోతుంది.

4. తిండి

ఇక్కడ తెలుగువాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి, ఎందుకంటే ప్రేమతో బిర్యానీ పట్టుకొస్తారు.

బిర్యానీ మాంసాన్ని పెరుగులో నానబెడతాం. మాంసం, పాల పదార్థం కలవడం కోషర్ నియమాలకి, అంటే యూదుల ఆహార నియమాలకి, విరుద్ధం. మాంసం కోషర్ కొట్లో కొన్నదే అయినా, పెరుగులో నానబెట్టి వండితే అది పనికిరాదు. నెయ్యి వేసిన హలీమూ అంతే. సరే, కూరగాయల బిర్యానీ చేద్దామంటే, మీ ఇంటి గిన్నెలో ఇదివరకు వండినవన్నీ లెక్కలోకి వస్తాయి. ఆచారం గట్టిగా పాటించేవాళ్లకి ‘శాకాహారం’ అన్న మాట ఒక్కటే చాలదు.

హలాల్ మాంసం ఉంటే ఇద్దరికీ సరిపోతుందనుకోవడం ఇంకో పొరపాటు. కోషర్ పాటించే యూదులు హలాల్ మాంసం తినరు. కోషర్ మాంసాన్ని కొందరు ముస్లింలు తింటారు, కొందరు జబీహా (ఇస్లాం పద్ధతిలో కోసిన మాంసం) అయితేనే తింటారు. రెండు వైపులా అడగకుండా మాంసం జోలికి వెళ్లొద్దు.

మొదటి మూడు సమావేశాలకి ఇవి చాలు:

- కోయని పళ్లు: అరటి, కమలా, ద్రాక్ష.
- కోషర్ గుర్తున్న సీలు విప్పని ఖర్జూరం, బాదం, బిస్కట్లు. వలయంలో యూ అక్షరం ఉన్న ఓ-యూ గుర్తు అమెరికా కొట్లలో తేలిగ్గా కనిపిస్తుంది.
- నీళ్ల సీసాలు, కాగితం ప్లేట్లు, కాగితం కప్పులు.

పన్నెండు మందికి రెండు కిలోల పళ్లు, రెండు ప్యాకెట్ల ఖర్జూరం, మూడు ప్యాకెట్ల బిస్కట్లు పుష్కలం. ఓ-యూ గుర్తు ఉందంటే పందికి సంబంధించింది లేనట్టే. కానీ మద్యం లేనట్టు కాదు, వైను కూడా కోషర్ కావచ్చు. అందుకని వస్తువుల జాబితా చదవండి. యూదుల ప్రార్థనలో వైను కావాల్సిన చోట ద్రాక్షరసం సరిపోతుంది.

భోజనమే పెట్టాలనుకుంటే కోషర్ ధ్రువీకరణ ఉన్న శాకాహార హోటల్ నుంచి తెప్పించండి. అలాంటి దక్షిణాది హోటల్ దగ్గర్లో ఉంటే దోసెలతో సమస్య తీరిపోతుంది. అయితే ధ్రువీకరణ ఎవరిచ్చారో మీ ఆర్థడాక్స్ సభ్యుణ్ని అడిగి ఖాయం చేసుకోండి. యూదుల పస్కా పండుగ వారంలో మాత్రం ఏదీ పెట్టకండి. గోధుమ రొట్టె ఎలాగూ కుదరదు. తూర్పు యూరప్ మూలాలున్న యూదుల్లో చాలామంది ఆ వారం బియ్యం, పప్పులు కూడా ముట్టరు. అంటే ఇడ్లీ కూడా గల్లంతే.

5. ఒప్పందం రాయండి

ఒక్క పేజీ మించొద్దు. అందరూ చదివి సంతకం పెట్టాలి.

- ఇక్కడ విన్నది బయట పేరుతో చెప్పం.
- ‘నేను’ అని మాట్లాడతాం. ‘మావాళ్లందరూ’, ‘మీవాళ్లందరూ’ అనం.
- ఒకరు మాట్లాడుతుంటే అడ్డుపడం.
- ఏ ప్రభుత్వం తరఫునా, ఏ సంస్థ తరఫునా ఎవరినీ సంజాయిషీ అడగం.
- అందరూ ఒప్పుకుంటేనే ఫొటో.
- ఆడామగా మధ్య కరచాలనం ఎవరూ ఆశించకూడదు. రెండు వైపులా అలా చేతులు కలపనివాళ్లుంటారు. గుండె మీద చెయ్యి పెడితే చాలు. మన నమస్కారం ఇక్కడ భలే అక్కరకొస్తుంది.

వాట్సాప్ గ్రూపు పెడితే అందులో చోటు, వేళ, ఎవరేం తెస్తున్నారు, ఇంతే ఉండాలి. నిర్వాహకులు మాత్రమే పోస్టు చేసేలా సెట్టింగు మార్చేయండి. ఆరు నెలలు కష్టపడి కట్టింది అర్ధరాత్రి వచ్చిన ఒక్క ఫార్వర్డుతో కూలిపోతుంది.

6. మొదటి సమావేశం, నిమిషాల లెక్కన

0–10: కుర్చీల్లో ఒకరు విడిచి ఒకరుగా కూర్చోబెట్టండి. మీరు ఏమీ చేయకపోతే ఆరుగురు ఒక పక్క, ఆరుగురు ఒక పక్క చేరిపోతారు.

10–25: ఒప్పందం చదవడం, సంతకాలు.

25–55: ప్రశ్న ఒక్కటే: “మీకీ పేరు ఎవరు పెట్టారు, ఎందుకు?” ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. ఈ ప్రశ్న ఎందుకు పనిచేస్తుందంటే, మూసా పక్కన మోషే, దావూద్ పక్కన డేవిడ్, మర్యం పక్కన మిర్యం వరసగా బయటపడతాయి. ఎవరూ ‘మనం ఒకే తండ్రి బిడ్డలం’ అని చెప్పాల్సిన పని పడదు.

55–70: విరామం.

70–105: ఇద్దరిద్దరు జోడీలు. మూడు నిమిషాలు ఒకరు చెప్పాలి, రెండోవారు వినాలి, తర్వాత మారాలి. ఉపవాసం గురించి అడగండి. చిన్నప్పుడు మొదటిసారి ఎప్పుడు ఉన్నారు, ఎప్పుడు దొంగతనంగా తినేశారు? తర్వాత అందరూ గుండ్రంలోకి వచ్చి తన మాట కాకుండా జోడీ మాట చెప్పాలి, వాళ్లు ఒప్పుకున్నంత వరకే.

105–120: వచ్చేసారి తేదీ, కుర్చీలు సర్దడం. సర్దేటప్పుడే అసలు కబుర్లు మొదలవుతాయి, తొందర పెట్టకండి.

రెండో సమావేశంలో మాటల ఆట పెట్టండి. హీబ్రూ ‘త్సెదకా’, అరబ్బీ ‘సదకా’ రెండూ దానమే. హలాఖా (యూదుల మత ధర్మం) అంటే నడవడానికి, షరియా (ముస్లింల మత ధర్మం) అంటే దారికి సంబంధించిన మాటలు. బోర్డు మీద రాసి, ఒక్కో మాట వాళ్ల ఇంట్లో ఎలా వాడతారో చెప్పమనండి.

7. మసీదుకి, సినగాగ్‌కి

మూడోది ఒకచోట, నాలుగోది ఇంకోచోట. మసీదులో చెప్పులు విప్పాలి, ఆడవాళ్లకి తలమీద వస్త్రం కావాలి. సినగాగ్‌లో మగవాళ్లు తల కప్పుకోవాలి, టోపీలు గుమ్మం దగ్గరే ఉంటాయి. ప్రార్థన చూడటం వేరు, చేయమనడం వేరు. ఎవరినీ లాగకండి.

ఒక్క హెచ్చరిక: 2018 అక్టోబర్ 27న పిట్స్‌బర్గ్ సినగాగ్‌లో 11 మందిని, 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని కాల్చి చంపాక గుమ్మం దగ్గర కాపలా మామూలైంది. వచ్చేవాళ్ల పేర్లు మూడు రోజుల ముందే ఇవ్వండి. కాపలా ఉంటుందని, ఐడీ అడుగుతారని, పెద్ద సంచులు తేవొద్దని సభ్యులకి ముందే చెప్పండి. చెప్పకపోతే సినగాగ్ గుమ్మం దగ్గర సోదా చేయించుకున్న ముస్లిం సభ్యుడు తనని మాత్రమే అనుమానించారనుకుంటాడు. ఆ చేదు పోవడానికి రెండు సమావేశాలు పడుతుంది.

8. ఐదోసారి దెబ్బలు, ఆరోసారి ఆ మాట

ఐదో సమావేశంలో ఈ దేశంలో తమకి జరిగినవి చెప్పుకుంటారు: బడిలో పిల్లవాడు పడ్డ మాటలు, ఎయిర్‌పోర్టు, గోడ మీద రాతలు. ‘మాకు ఇంకా ఎక్కువ జరిగింది’ అని పోటీ మొదలైతే ఆపి, తర్వాతి మనిషికి వంతు ఇవ్వండి.

ఇజ్రాయెల్–పాలస్తీనా సంగతి ఆరోసారి. మొదటిరోజే ఎత్తితే రెండో సమావేశం ఉండదు. అసలు ఎత్తకపోతే వచ్చే యుద్ధవార్తతో బృందం చీలుతుంది. 2023 అక్టోబర్ 7న ఇజ్రాయెల్ మీద హమాస్ దాడి, ఆ తర్వాత గాజా యుద్ధంతో ఇలాంటి బృందాలు చాలాచోట్ల ఆగిపోయాయి. మా ఉద్దేశంలో అప్పటిదాకా ఆ మాట దాటేస్తూ వచ్చినవాటికే ఎక్కువ దెబ్బ తగులుతుంది.

నియమాలు: పటాలు వద్దు, ఫోన్లు వద్దు, లెక్కలు వద్దు. ప్రశ్న ఇది: “ఈ సంగతి మీకు మొదట ఎవరు చెప్పారు? అప్పుడు ఇంట్లో ఏమనుకున్నారు?” ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, మొత్తం 36. ఎవరూ జవాబివ్వరు. చివర్లో పక్కనున్నవారు ‘మీరు చెప్పింది నాకిలా అర్థమైంది’ అని రెండు వాక్యాల్లో తిరిగి చెప్పాలి. చెప్పినవాళ్లు ‘అవును, అదే’ అనేదాకా సరిదిద్దుకోవాలి.

1948 తప్పకుండా వస్తుంది. ఒకరికి అది స్వాతంత్ర్యం. ఇంకొకరికి నక్బా, అంటే విపత్తు. రెండు పేర్లూ బోర్డు మీద పక్కపక్కనే రాయండి, ఏదీ కొట్టేయకండి. ఒకే తేదీకి రెండు పేర్లుండటం తెలుగువాళ్లకి కొత్తేమీ కాదు. అదే 1948లో సెప్టెంబర్ 17ని విమోచనం అనేవాళ్లున్నారు, విలీనం అనేవాళ్లున్నారు, ఆ రోజుల మాటెత్తితే మౌనంగా ఉండిపోయే హైదరాబాద్ కుటుంబాలూ ఉన్నాయి. జియోనిజం (యూదులకి సొంత దేశం కావాలన్న ఉద్యమం), ఇంతిఫాదా (పాలస్తీనావాళ్ల తిరుగుబాటు) వంటి మాట పడగానే గది వేడెక్కుతుంది. అప్పుడు అడగాల్సింది: “ఆ మాటకి మీరనుకుంటున్న అర్థమేమిటి?”

ఎవరైనా లేచి వెళ్లిపోతే నిర్వాహకుల్లో వాళ్ల వైపువారు వెంట వెళ్లాలి, రెండోవారు గదిలో ఉండాలి. ఆ రాత్రే ఫోను చేయండి, మెసేజ్ చాలదు.

9. చేతికి పని

ఆరో సమావేశం తర్వాత నెల తిరగకముందే ఏదైనా కలిసి చేయండి. ఫుడ్ ప్యాంట్రీలో (లేనివాళ్లకి ఉచితంగా సరుకులిచ్చే చోటు) సరుకులు సంచుల్లో సర్దడం మంచి పని, ఎందుకంటే చేతులు పనిలో ఉంటే మాటలు తేలిగ్గా వస్తాయి. డెట్రాయిట్ ప్రాంతంలో డిసెంబర్ 25న క్రైస్తవ వాలంటీర్లు ఇంట్లో పండుగ చేసుకునేలా యూదులు, ముస్లింలు కలిసి ఆ రోజు సేవ చేసే ఆనవాయితీ ఉంది. మీ ఊళ్లోనూ చేయొచ్చు.

ఎక్కడ తప్పుతుంది?

‘అన్ని మతాలూ ఒకటే చెబుతాయి’ అనే ప్రసంగం. మనకిది మంచి మాట. తమ ఆచారం కోసం తిండి మానుకున్న మనిషికి ఇది తన తేడాని తుడిచేసినట్టుంటుంది.

“మీవాళ్లు దీన్నెందుకు ఖండించరు?” అన్న ప్రశ్న. దీని బదులు “ఆ వార్త విన్నప్పుడు మీ ఇంట్లో ఎలా గడిచింది?” అని అడగండి.

మొదటి రోజే సెల్ఫీ. బంధువులు, గుడివాళ్లు, బడివాళ్లు చూస్తారు. మర్నాటికి ఇద్దరు తగ్గుతారు.

ఉదారవాదుల్నే పిలవడం. అందరూ ముందే ఒప్పుకున్న గదిలో కబుర్లు బాగుంటాయి, పేటలో ఏమీ మారదు. రెండు వైపులా ఒక్కరైనా ‘ఇదంతా దండగ’ అనుకునేవారు ఉండాలి.

పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

చప్పట్లు, కన్నీళ్లు లెక్కలోకి తీసుకోకండి. ఇవి చూడండి:

- హాజరు: ఆరోసారికి రెండు వైపుల నుంచీ కనీసం ఐదుగురు చొప్పున మిగలాలి. ఒకవైపే తగ్గుతుంటే తేదీలో, తిండిలో, చోటులో ఏదో వాళ్లకి కుదరడం లేదు. విడిగా అడగండి.
- మాట: ఎవరెంతసేపు మాట్లాడారో రాసుకోండి. ఒక వైపుకి మూడింట రెండొంతులు వెళ్తే వంతుల పద్ధతికి మళ్లీ రండి.
- కాగితం: “అవతలివాళ్ల గురించి మీకు బాగా తెలిసిన మూడు సంగతులు రాయండి” అని మొదటిసారి, ఆరోసారి పేరు లేకుండా రాయించండి. మొదటి కాగితాల్లో ‘వాళ్లు’ ఉంటుంది. ఆరోవాటిలో మనుషుల పేర్లు, కొన్ని అభ్యంతరాలు కూడా కనిపించాలి. పొగడ్తలే ఉంటే ఇంకా మొహమాటం పోలేదన్నమాట.
- ఫోను: చెడ్డ వార్త వచ్చిన రోజు ఎవరు ఎవరికి ఫోను చేశారు? నిర్వాహకులు చెప్పకుండానే రెండు ఫోన్లు వెళ్లినా నిలబడినట్టే. పిట్స్‌బర్గ్ తర్వాత ముస్లిం సంస్థలు బాధిత కుటుంబాల కోసం రెండు లక్షల డాలర్లకి పైగా పోగుచేశాయి. క్రైస్ట్‌చర్చ్ తర్వాత పిట్స్‌బర్గ్ యూదులు అక్కడివాళ్ల కోసం చందాలెత్తారు.

ఆరు సమావేశాలయ్యాక నిర్వాహకుల జంటని మార్చేయండి. పాతవాళ్లు కొత్తవాళ్లకి ఇవ్వాల్సినవి ఒప్పందం పేజీ, రెండు క్యాలెండర్లు, గుమ్మం దగ్గర ఫోను చేయాల్సిన నంబర్లు, ఎవరేం తింటారో ఏం తినరో పేరుపేరునా రాసిన చీటీ. పెరుగు సంగతి ఆ చీటీలో అన్నిటికంటే పైన రాయండి.